ఆవాల దిండు తెరవలేని అతుకు

సంపాదకులకు నమస్కారం.

పసిబిడ్డ తల పొడుగ్గానో వంకరగానో ఉంటే ఆవాల దిండు మీద పడుకోబెట్టండి, ఏడాది తిరిగేసరికి అదే గుండ్రంగా వస్తుంది అని మీ ఆదివారం పేజీలో ఒక చిట్కా వేశారు. మా అనంతపురం వైపు ఈ మాట కొత్తది కాదు, లాలపోసే అవ్వలంతా చెప్పేదే. ఎక్కువమంది బిడ్డల తల దానంతటదే సర్దుకుంటుంది, పేరు మాత్రం దిండుకు వస్తుంది. అయితే సుమారు 2,000 నుంచి 2,500 కాన్పులకు ఒక బిడ్డ పుర్రె ఎముకల మధ్య ఉండే ఏదో ఒక అతుకు ముందే మూసుకుపోయి పుడుతుంది. ఆ బిడ్డకు చిన్న కోతతో తేలిగ్గా చేయగలిగే ఆపరేషన్‌కు గడువు మూడు నాలుగు నెలలే. ఏడాది ఆగమన్న మాట ఆ ఇంటికి చేరితే ఏం పోతుందో చెప్పాలని ఈ ఉత్తరం.

పుర్రె పైకప్పు కొబ్బరి చిప్పలా ఒకే ముక్క కాదు. ముందు నుదుటి ఎముకలు రెండు, నడినెత్తికి అటూ ఇటూ పెరైటల్ ఎముకలు రెండు, వెనక ఆక్సిపిటల్ ఎముక, చెవుల పైన టెంపోరల్ ఎముకల పలకలు. చేతి ఎముక, కాలి ఎముక ముందు మృదులాస్థిగా తయారై ఆ తర్వాత గట్టిపడతాయి. పుర్రె పలకలు అలా కాదు. గర్భం రెండో నెల చివర్లో, మెదడును కప్పిన పలచని పొరలోనే అక్కడక్కడ ఎముక చుక్కలు పుట్టి, గుడ్డ మీద నూనె మరకలా చుట్టూ పాకుతాయి. నాలుగో నెల దాటేసరికి ఒక పలక అంచు ఇంకో పలక అంచును సమీపిస్తుంది. అంత దగ్గరికి వచ్చినా కలిసిపోవు. మధ్యలో సన్నటి నారలాంటి కణజాలం మిగులుతుంది. అదే అతుకు, డాక్టర్ల భాషలో సూచర్. నుదుటి మధ్య నిలువుగా ఉండేది మెటోపిక్. ఒక చెవి ముందు నుంచి మాడు మీదుగా ఇంకో చెవి ముందుకు అడ్డంగా దిగేవి కరోనల్, రెండు. మాడు నుంచి వెనక్కి నడినెత్తిన పోయేది సాజిటల్. వెనక గుడిసె కప్పులా రెండు వైపులకూ వాలేవి లాంబ్డాయిడ్. మెటోపిక్, కరోనల్, సాజిటల్ వచ్చి కలిసే చోట మెత్తగా తగిలేదే మనం మాడు అనుకునేది.

అతుకంటే ఖాళీ సందు అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. కడప బండలు పరిచి మధ్యలో సిమెంటు పూసే సందులాంటిది కాదిది. ఇక్కడ బండలు పెరుగుతాయి, ఆ పెరుగుదల జరిగేది ఈ సందులోనే. అతుకు మధ్యలో మూలకణాలు ఉంటాయి. లోపల మెదడు పెరిగి, దాన్ని చుట్టుకున్న డ్యూరా పొరను సాగదీస్తుంది. పలకలు ఒకదాన్నుంచి ఒకటి జరుగుతాయి. అప్పుడు మూలకణాల్లో కొన్ని ఎముక కణాలుగా మారి పలకల అంచులకు కొత్త ఎముక వేస్తాయి, కొన్ని మాత్రం మూలకణాలుగానే ఉండిపోతాయి. ఎన్ని మారాలి, ఎన్ని ఆగాలి అన్న లెక్కను డ్యూరా పొర పంపే సంకేతాలు నడుపుతాయి, ఎఫ్‌జీఎఫ్, టీజీఎఫ్-బీటా అనే ప్రోటీన్లు వాటిలో ముఖ్యమైనవి. విత్తనానికి దాచిన శనక్కాయలు కూడా వొలుచుకుని తినేస్తే మరుసటి ఏడు చేను బీడే. అతుకులోనూ మూలకణాలన్నీ ఒక్కసారిగా ఎముకైపోతే జరిగేది అదే. రెండు పలకలు ఒకటైపోతాయి, ఆ గీత దగ్గర ఇక పెరుగుదల ఉండదు.

పుట్టినప్పుడు తల చుట్టుకొలత 34, 35 సెంటీమీటర్లు. మొదటి మూడు నెలలు నెలకు సుమారు 2 సెంటీమీటర్లు, తర్వాతి మూడు నెలలు నెలకు 1, ఆ తర్వాత ఏడాది నిండేదాకా నెలకు అర. ఏడాదికి 46 అటూ ఇటూ. అంటే ఏడాదిలో పెరిగే 12 సెంటీమీటర్లలో సగం మొదటి మూడు నెలల్లోనే. అతుకు మూసుకున్న బిడ్డ తల అతి వేగంగా వంకర తిరిగేదీ అప్పుడే.

అతుకులు మామూలుగా ఎప్పుడు మూసుకుంటాయన్నది తెలిస్తే అనవసరపు భయాలు సగం పోతాయి. వెనకవైపు చిన్న మాడు రెండు మూడు నెలలకు పూడుతుంది. ముందు మాడు ఎక్కువమందికి 12 నుంచి 18 నెలల మధ్య, కొందరికి అంతకంటే ముందే, ఇంకొందరికి రెండేళ్లకు. మెటోపిక్ అతుకు మూడో నెల నుంచి తొమ్మిదో నెల లోపు మూసుకోవడం సహజం. చిన్నతనంలో పూర్తిగా ఎముకైపోవాల్సిన పెద్ద అతుకు అదొక్కటే. మిగిలినవి బడి ఈడు దాటినా, పెళ్లి ఈడు వచ్చినా అలాగే ఉంటాయి. ఇరవై దాటాక మెల్లగా కలవడం మొదలై, కొందరిలో ముసలితనం దాకా పూర్తిగా కలవవు.

కాబట్టి మాడు ముందే పూడింది అన్న ఒక్క మాట మీద గుండెలు బాదుకోనక్కర్లేదు. మాడు చిన్నదైనా తల ఆకారం సవ్యంగా ఉండి, చుట్టుకొలత నెలనెలా పెరుగుతుంటే అది జబ్బు కాదు. తిరగేసి చెప్పాల్సింది ఇంకా ముఖ్యం. మాడు తెరిచి ఉన్నంత మాత్రాన అతుకులన్నీ తెరిచే ఉన్నాయని కాదు. సాజిటల్ అతుకు వెనక సగం గట్టిగా మూసుకుపోయిన బిడ్డకూ ముందు మాడు మెత్తగా కొట్టుకుంటూనే ఉండవచ్చు. మాడు ఉందిగా, ఏం కాదులే అని పంపేస్తే తప్పేది ఇక్కడే. మాడు చిన్నగా ఉందని విటమిన్ డి చుక్కలు ఆపేసే అలవాటు కూడా మన దగ్గర ఉంది. పసిబిడ్డకు రోజుకు ఇచ్చే 400 యూనిట్లు అతుకులను మూసేయవు. ఆపితే ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బు వచ్చే అవకాశం మాత్రం పెరుగుతుంది.

1851లో జర్మన్ పాథాలజిస్టు రుడాల్ఫ్ విర్కో ఒక సూత్రం చెప్పాడు. అతుకు మూసుకుంటే దానికి అడ్డంగా ఉండే దిశలో పుర్రె పెరగడం ఆగిపోతుంది, అతుకు వెంబడి దిశలో ఎక్కువగా పెరిగి సర్దుకుంటుంది. ఇప్పటికీ ఆకారం చూసి ఏ అతుకో చెప్పేది దీన్నిబట్టే. అన్నిటికంటే తరచుగా, దాదాపు సగం మందిలో, మూసుకునేది సాజిటల్. తల పక్కలకు పెరగలేక ముందుకూ వెనక్కూ సాగుతుంది. పైనుంచి చూస్తే పుట్టిలా గుండ్రంగా ఉండాల్సింది పడవలా కనిపిస్తుంది. మగపిల్లల్లో ఇది మూడు నాలుగు రెట్లు ఎక్కువ. మెటోపిక్ మరీ ముందుగా మూసుకుంటే నుదురు పైనుంచి ముక్కోణంలా, పడవ మూతిలా ఉంటుంది, కళ్లు దగ్గరికి వచ్చినట్టుంటాయి. ఒకవైపు కరోనల్ మూసుకుంటే ఆ వైపు నుదురు అణిగి, ఆ కన్ను మరోదానికంటే పైకి లాగినట్టు తెరుచుకుని, ముక్కు మొదలు అటువైపుకు ఒరుగుతుంది. రెండు వైపులా మూసుకుంటే తల ముందూ వెనకా పొట్టిగా, అడ్డంగా వెడల్పై, ఎత్తు పెరుగుతుంది. లాంబ్డాయిడ్ మూసుకోవడం బాగా అరుదు. అరుదు కాబట్టే దాన్ని పడుకునే తీరు వల్ల వచ్చే సొట్టతో పొరపడటం తరచు.

ఆ సొట్ట గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అవ్వల మాట నిజమయ్యేది ఇక్కడే. పుట్టినప్పుడు సరిగ్గా ఉన్న తల, చీర ఉయ్యాలలో ఎప్పుడూ ఒకేవైపు తిరిగి పడుకోవడం వల్ల మొదటి వారాల్లో వెనక ఒకపక్క అణుగుతుంది. ఇలాంటి బిడ్డలను బోలెడంత మందిని చూస్తాం. పైనుంచి చూడండి. అణిగిన వైపు చెవి ముందుకు జరిగి, అదే వైపు నుదురు కూడా కాస్త ముందుకు తోసుకొచ్చి, తల మొత్తం ఒక పక్కకు నెట్టిన అట్టపెట్టెలా కనిపిస్తే అది పడుకునే తీరు వల్ల వచ్చిందే. లాంబ్డాయిడ్ మూసుకున్నప్పుడు అణిగిన వైపు చెవి కిందికి, వెనక్కి దిగి ఉంటుంది, చెవి వెనక ఎముక బుడిపెలా పొడుచుకొస్తుంది. మొదటిదానికి ఆపరేషన్ అక్కర్లేదు. మెడ ఒకవైపు పట్టేసి ఉందేమో చూపించుకోవాలి, పట్టేసి ఉంటే ఫిజియోథెరపీ చేయించాలి. ఉయ్యాలలో తల పెట్టే వైపు రోజు మార్చి రోజు మార్చాలి, అప్పుడు వాకిలి వెలుతురు చూడటానికి బిడ్డ రెండో వైపు తిరుగుతుంది. మెలకువగా ఉన్నప్పుడు, ఎవరైనా పక్కనే ఉండి, రోజుకు నాలుగైదుసార్లు కొద్ది నిమిషాలు బోర్లా వేయాలి. నిద్రకు మాత్రం వెల్లకిలానే. ఏడాది లోపు బిడ్డకు దిండు అసలు వద్దు, ఆవాలదైనా దూదిదైనా. ముఖం కూరుకుపోతే ఊపిరాడదు. కుట్టు ఊడితే ఆవాలు ముక్కులోకో గొంతులోకో పోతాయి. లాలపోసేటప్పుడు అరచేత్తో నొక్కి తల తీర్చడం కూడా అంతే, మూసుకున్న అతుకును ఏ చేతి వాటమూ తెరవలేదు. కాన్పులో ఎముకలు ఒకదాని మీదొకటి ఎక్కి సాగిన తల మాత్రం ఏ చేయీ పడకుండానే మొదటి ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది.

మరి ముందే ఎందుకు మూసుకుంటాయి? ఎక్కువమందిలో ఒక్క అతుకే మూసుకుంటుంది, బిడ్డకు వేరే లోపం ఉండదు, ఇదీ కారణం అని వేలెత్తి చూపడం కుదరదు. కడుపులో చోటు ఇరుకై తల నొక్కుకుపోవడం, కవలలు, ఎదురుకాళ్లు కొందరిలో తోడవుతాయి. కొందరిలో జన్యువు మారి ఉంటుంది. ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 జన్యువులో మార్పుతో వచ్చే ఏపర్ట్ సిండ్రోమ్‌లో రెండు కరోనల్ అతుకులతో పాటు చేతివేళ్లు, కాలివేళ్లు కూడా అతుక్కుని ఉంటాయి. క్రూజాన్ సిండ్రోమ్‌లో వేళ్లు బాగానే ఉంటాయి గానీ మధ్య ముఖం లోపలికి పోయి కళ్లు బయటికి ఉబ్బుతాయి. ఎఫ్‌జీఎఫ్‌ఆర్3లో ఒకే ఒక్క మార్పు మ్యుయెంకె సిండ్రోమ్ తెస్తుంది. ట్విస్ట్1 అనే జన్యువు దెబ్బతింటే సేత్రే-చోట్జెన్ సిండ్రోమ్. ఎఫ్‌జీఎఫ్‌ఆర్ మార్పుల్లో, పైన చెప్పిన ఎఫ్‌జీఎఫ్ సంకేతం అందుకునే గ్రాహకం అవసరానికి మించి పనిచేస్తుంది, మూలకణాలు ఆగాల్సిన చోట ఆగకుండా ఎముక బాట పడతాయి.

మందులు, ఇతర జబ్బులు కూడా కొన్ని ఉన్నాయి. గర్భంలో మూర్ఛకు వేసుకునే వాల్‌ప్రోయేట్ వాడకం మెటోపిక్ అతుకు మీద ప్రభావం చూపవచ్చు. అలాగని మూర్ఛ మందు సొంతంగా ఆపకూడదు, ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకీ అంతకంటే ప్రమాదం. గర్భం అనుకోకముందే న్యూరాలజిస్టుతో మాట్లాడి మందు మార్చుకోవాలి. పుట్టుకతో థైరాయిడ్ తక్కువైన బిడ్డకు మాత్ర మోతాదు ఎక్కువై చాలాకాలం నడిస్తే అతుకులు ముందే కలుస్తాయి, అందుకే రక్తపరీక్ష తేదీలు తప్పకూడదు. విటమిన్ డి తక్కువై వచ్చే మామూలు రికెట్స్‌లో మాడు ఆలస్యంగా పూడుతుంది. వంశంలో వచ్చే ఫాస్ఫేటు రికెట్స్‌లో మాత్రం అతుకులు ముందే మూసుకునే అవకాశం ఉంది.

గ్రహణం నాడు తల్లి కత్తిపీట పట్టుకుంది కాబట్టి ఇలా అయిందనే మాట నేటికీ వార్డులో వినబడుతుంది. ఏపర్ట్‌లో కొత్తగా పుట్టే మార్పు తండ్రి బీజంలో వస్తుందని జన్యు పరీక్షల్లో తేలింది, తండ్రి వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం పెరుగుతుంది. తల్లిని తిట్టేవాళ్లు ఇది తెలుసుకుంటే మంచిది. మేనరికం మీదికి నెట్టడం కూడా ఇక్కడ చాలామటుకు నిలవదు. పైన చెప్పిన సిండ్రోమ్‌లన్నిటికీ ఒక్క వైపు నుంచి వచ్చిన జన్యువే చాలు, రెండు వైపులా కలవాల్సిన పని లేదు. కార్పెంటర్ సిండ్రోమ్ లాంటి అరుదైనవి వేరు. తల్లిదండ్రుల్లో ఒకరికే సిండ్రోమ్ ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం, అందుకే డాక్టరు బిడ్డతో పాటు తల్లిదండ్రుల నుదురు, వేళ్లు కూడా చూస్తారు.

ఇంట్లోనూ అంగన్‌వాడీలోనూ చేయగలిగేది చిన్న పనే, కాకపోతే సరిగ్గా చేయాలి. సాగని టేపు కావాలి, దర్జీ వాడి సాగదీసిన పాతది పనికిరాదు. ముందు కనుబొమల పైనుంచి, పక్కన చెవుల పైనుంచి, వెనక బాగా ఎత్తుగా ఉన్న చోటు మీదుగా చుట్టాలి. జుట్టు ముడి, టోపీ తీసేయాలి. మూడుసార్లు కొలిచి ఎక్కువ వచ్చినది, మిల్లీమీటర్లతో సహా, తేదీ వేసి రాయాలి.

అయితే టేపు ఒక్కదాన్నే నమ్మితే మోసపోతాం. మూడు నెలల బిడ్డ తల పొడవు 14, వెడల్పు 11 సెంటీమీటర్లు ఉందనుకుందాం. చుట్టుకొలత సుమారు 39.4 వస్తుంది. సాజిటల్ మూసుకున్న బిడ్డకు పొడవు 14.8, వెడల్పు 9.6 అయితే చుట్టుకొలత సుమారు 38.8. ఎదుగుదల కార్డు మీద రెండూ మామూలే! వెడల్పును పొడవుతో భాగించి నూరుతో గుణించి చూడండి. మొదటి బిడ్డకు 79 దాకా, రెండో బిడ్డకు 65. ఇది 75 నుంచి 85 మధ్య ఉండటం మామూలు. పొడవు ముక్కు మొదలు పైనుంచి వెనక ఎత్తైన చోటు దాకా, వెడల్పు చెవుల పైన ఎక్కువ ఉన్న చోట. తల చుట్టూ తిప్పకుండా, రెండు అట్టలు ఆనించి వాటి మధ్య దూరం కొలవాలి.

ఈ లెక్కలు కూడా వద్దనుకుంటే, తలకు పోశాక జుట్టు తడిగా ఉన్నప్పుడు బిడ్డను తల్లి ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి, మెడకు చేయి ఆసరా ఇచ్చి, ఫోను సరిగ్గా నడినెత్తి పైన మూరెడు ఎత్తున పట్టి ఒక ఫోటో తీయండి. 6, 10, 14 వారాల టీకాలకు ఎలాగూ పోతారు, ఆ మూడు రోజుల్లో మూడు ఫోటోలు. పడుకునే తీరు వల్ల వచ్చిన సొట్ట మూడో ఫోటోకు తగ్గుముఖం పడుతుంది, అతుకు మూసుకున్న తల మూడో ఫోటోకు మరింత వంకరగా కనిపిస్తుంది. వేలి కొసలతో అతుకు వెంట తడిమితే తాడు మీద చర్మం కప్పినట్టు గట్టు తగిలినా, బొటనవేళ్లతో అటూ ఇటూ మెల్లగా నొక్కితే ఏమాత్రం కదలకపోయినా పద్నాలుగో వారం దాకా కూడా ఆగొద్దు. నుదుటి మధ్య సన్నని గట్టు ఉండి నుదురు ఆకారం బాగుంటే మాత్రం అది సహజంగా మూసుకున్న మెటోపిక్కే, దాన్ని వదిలేయవచ్చు. తల మొత్తం చిన్నదై ఆకారం సవ్యంగా ఉంటే అది వేరే సంగతి. అక్కడ మెదడు పెరగక అతుకులు కలుస్తాయి, అతుకు తెరిచినా మెదడు పెరగదు. ఆ బిడ్డను పిల్లల న్యూరాలజిస్టు చూడాలి.

అనుమానం వచ్చిన వెంటనే ఊళ్లో దొరికిన చోట సీటీ తీయించేయడం తొందరపాటు. అనుభవమున్న డాక్టరు చేతితో, కంటితోనే చాలావరకు చెప్పగలరు, ఎక్స్‌రే కొంత తోడవుతుంది. ఆపరేషన్‌కు ముందు పలచని ముక్కలతో, తక్కువ రేడియేషన్‌తో, త్రీడీ చిత్రాలతో ఒక్క సీటీ కావాలి. అలా తీయని సీటీ మళ్లీ తీయాల్సి వస్తుంది, పసిమెదడుకు రెండుసార్లు రేడియేషన్. ఒకసారి తీయించినా ఫిల్ములతో ఆగకుండా సీడీ కూడా అడిగి తీసుకోండి. కళ్ల డాక్టరుతో కంటి నరం వాపు ఉందేమో చూపించడం మాత్రం వాయిదా వేయకూడదు. లోపల ఒత్తిడి పెరిగిందని చెప్పే గుర్తుల్లో అదొకటి. ఒక్క అతుకు మూసుకున్న బిడ్డల్లో ఎక్కువమందికి ఆ ఒత్తిడి ఉండదు, చదువూ మాటా మామూలుగానే వస్తాయి. రెండు మూడు అతుకులు మూసుకున్నప్పుడు భయం ఎక్కువ.

న్యూరోసర్జన్, ప్లాస్టిక్ సర్జన్, పిల్లలకు మత్తు ఇవ్వడంలో అనుభవమున్న డాక్టరు ఒకేచోట కలిసి పనిచేసే కేంద్రంలోనే ఈ ఆపరేషన్ చేయించాలి. అనంతపురానికి దగ్గర బెంగళూరు, కర్నూలుకు హైదరాబాద్. మూడు నాలుగు నెలల్లో పట్టుకుంటే రెండు చిన్న కోతల్లోంచి ఎండోస్కోప్ అనే సన్నని కెమెరా గొట్టం సాయంతో మూసుకున్న అతుకు వెంట ఎముక పట్టీ తీసేస్తారు. ఆ తర్వాత ఏడాది వయసు వచ్చేదాకా కొలతకు చేసిన హెల్మెట్ రోజుకు 23 గంటలు పెట్టాలి, కొన్ని వారాలకోసారి పోయి సరిచేయించుకోవాలి. 40 డిగ్రీలు దాటే మా ఎండల్లో హెల్మెట్ కింద చెమటకాయలు, పుండ్లు ఖాయం, ఆ గంట విరామంలో తల కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. నెలనెలా ప్రయాణం కుదరని ఇంటికి కోత చిన్నదని ఆశపెట్టి ఈ దారి పట్టించడం నాకు సమ్మతం కాదు. హెల్మెట్ మూలన పడితే ఆపరేషన్ ఫలితం సగం పోతుంది.

ఆరు నెలల నుంచి ఏడాది మధ్య చేసేది పెద్ద ఆపరేషన్. పలకలు తీసి, ఆకారం మార్చి, మెల్లగా కరిగిపోయే ప్లేట్లతో బిగిస్తారు. కొన్ని గంటలు పడుతుంది. ఆరు కిలోల బిడ్డ ఒంట్లో రక్తం కిలోకు 80 మిల్లీలీటర్ల లెక్కన 480 మిల్లీలీటర్లే, అందులో 120 పోతే పావు వంతు పోయినట్టు. కాబట్టి ముందే హిమోగ్లోబిన్ చూపించి, రక్తదాతను సిద్ధం చేసుకోవాలి. రెండో మూడో రోజున కళ్లు మూసుకుపోయేంత ముఖం వాస్తుంది, చూసి బెదిరిపోవద్దు, నాలుగైదు రోజుల్లో దిగుతుంది. ఏడాది లోపు బిడ్డలో డ్యూరా పొర పలకల మధ్య మిగిలిన ఖాళీలను మళ్లీ ఎముకతో నింపుతుంది. ఏడాదిన్నర దాటాక ఆ శక్తి తగ్గి, ఖాళీలు అలాగే మిగిలిపోతాయి. మీ చిట్కాలోని ఏడాది గడువు ఎక్కడికొచ్చి ఆగుతుందో ఇప్పుడు చూడండి.

ప్రభుత్వ కార్యక్రమాల గురించి ఒక మాట. ఆస్పత్రిలో కాన్పైన బిడ్డను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి పోయి చూడాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుక లోపాలుగా పేరు పెట్టి రాసిన తొమ్మిదింటిలో గ్రహణం మొర్రి, వంకర పాదం ఉన్నాయి, ఈ అతుకు లోపం లేదు. జాబితా ఎప్పుడు మారుతుందో గానీ, 42వ రోజు వెళ్లినప్పుడు పైనుంచి ఒక ఫోటో తీసి పిల్లల డాక్టరుకు పంపడానికి కొత్త జీవో అవసరం లేదని నా ఉద్దేశం.

ఆవాల దిండు చిట్కా పడిన పేజీలోనే ఈ సవరణ కూడా వేయమని కోరుతున్నాను. ఉత్తరం పొడుగైందనుకుంటే కోసేయండి, కానీ పైనుంచి చూసినప్పుడు తల ఎలా కనిపిస్తుందో నాలుగు బొమ్మలు పక్కపక్కన ఉండాలి: మామూలు తల, పడవ తల, ముక్కోణపు నుదురు, పడుకుని అణిగిన తల. గీసి పంపమంటే పంపుతాను.

— పిల్లల వైద్యుడు, అనంతపురం